తువ్వాలు వెయ్యని అంచు

ఇంటర్వ్యూ ఏమైందని అందరూ ఫోన్లు చేస్తున్నారు కదా, ఒకేసారి చెప్పేస్తాను. మళ్ళీ ఎవరూ అడగొద్దు. ముందే తెప్పించిన మాడుగుల హల్వా ఇంకా డబ్బా మూత తియ్యకుండా అలాగే ఉంది. అర్థమైపోయిందిగా!

విశాఖలో ఒక ల్యాబు. రీసెర్చ్ ఉద్యోగం, ఒక్కటే ఖాళీ. వస్తే పీహెచ్‌డీకి దారి. రాకపోతే చోడవరంలో మళ్ళీ టెన్త్ పిల్లల ట్యూషన్. నేనేమో వచ్చేస్తుందన్న ధీమాతో ట్యూషన్ మూసేసి కూర్చున్నాను.

వాళ్ళ పని స్పిన్ అలల మీద. పలచటి అయస్కాంతపు ఫిల్ములో పరమాణువులన్నీ బుల్లి దిక్సూచి ముళ్ళు అనుకోండి. ఒకటి ఊగితే పక్కది ఊగుతుంది, ఆ ఊపు అలలా సాగుతుంది. దారిలో వరసగా కంతలు పెడితే, వాటిలోంచి వచ్చిన అలలు ఒకదానిలో ఒకటి కలిసి, చిందరవందరై, కొంత దూరం పోయాక మళ్ళీ అచ్చంగా ఆ కంతల బొమ్మే కడతాయి! లెన్సు లేదు, ఏమీ లేదు. అది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

మనకి ల్యాబు ఎక్కడిది? పాత లాప్‌టాప్‌లో సిమ్యులేషన్ చేశాను. కంతల మధ్య దూరం నాలుగు వందల నానోమీటర్లు, అల పొడవు వంద. దూరాన్ని దానితోనే గుణించి, రెట్టింపు చేసి, అల పొడవుతో భాగిస్తే మూడు వేల రెండు వందలు. బొమ్మ అక్కడ రావాలి. కానీ రెండు వేల ఆరు వందల దగ్గరే వచ్చేసింది! తప్పేమో అని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. కొత్త విషయం కనిపెట్టేశానని గంతేశాను. అయస్కాంతం దిశని బట్టి అల తీరు మారుతుంది, అందుకే ఇలా అని స్లైడు కూడా తయారు చేశాను.

అది చాలదని నీళ్ళతో ఒక డెమో. పెద్ద స్టీలు పళ్ళెం, కంతలకి బదులు అడ్డంగా నిలబెట్టిన దువ్వెన. ట్రయల్ వేస్తే అలలు పళ్ళెం అంచుకి కొట్టుకుని వెనక్కొచ్చి అంతా గందరగోళం. అంచు చుట్టూ మెత్తటి తువ్వాలు పరిచాను. అలలు అందులో అణిగిపోయాయి.

"ఒసే, అది సుట్టాలొత్తే ఇద్దామని దాసేను! ఏటా పని?" అంది అమ్మ.

"సైన్సమ్మా."

"సైన్సుకి పాత గుడ్డలు పనికిరావేటి?"

ఇంటర్వ్యూలో డెమో అదిరిపోయింది. "అంచు నుంచి తిరిగొచ్చే అలలు బొమ్మని పాడు చేస్తాయి సర్, అందుకే తువ్వాలు," అని టీచరమ్మ గొంతుతో చెప్పాను.

ఇంటర్వ్యూ చేస్తున్న సర్ నవ్వారు. "బాగా ఆలోచించావమ్మా. తర్వాత?"

సిమ్యులేషన్ పెట్టాను. నా గొప్ప స్లైడు కూడా చూపించాను. సర్ కళ్ళద్దాలు సర్దుకున్నారు.

"కంతల నుంచి నీ ఫిల్ము పొడవెంత?"

"రెండు వేల తొమ్మిది వందలు సర్. ఇంకా పెంచితే లాప్‌టాప్ ఆగిపోతోంది."

"ఊఁ. మరి ఈ అంచుకి తువ్వాలు ఏదమ్మా?"

అప్పటికి గాని వెలగలేదు. సిమ్యులేషన్‌లో కూడా చివరన అలని మింగేసే ఏర్పాటు ఒకటి పెట్టుకోవాలి. నేను పెట్టలేదు! అల రెండు వేల తొమ్మిది వందల దగ్గర అంచుకి కొట్టుకుంది. బొమ్మ కట్టడానికి ఇంకా మూడు వందలు నడవాలి. నడిచింది, కాకపోతే వెనక్కి. రెండు వేల ఆరు వందలు! నోటిలెక్కలతో పిల్లల్ని నోరెళ్ళబెట్టించే నాకు ఈ తీసివేత తట్టలేదు.

"థాంక్యూ అమ్మా," అన్నారు సర్, మెత్తగా. ఆ మెత్తదనమే ఎక్కువ గుచ్చుకుంది. సాయంత్రానికి మెయిలొచ్చింది. వేరే ఎవరినో తీసుకున్నారట.

మర్నాడు అంచు సరిచేసి సిమ్యులేషన్ మళ్ళీ నడిపాను. బొమ్మ రాలేదు. ఎలా వస్తుంది? అది రావాల్సిన చోటుకి ముందే నా ఫిల్ము అయిపోయింది. వీధిలో చెరకు లారీలు పోతున్నాయి. లాప్‌టాప్ మూసి పెరట్లోకి వచ్చాను.

అమ్మ తువ్వాలు పిండి తీగ మీద ఆరేస్తూ అడిగింది. "మంచి తువ్వాలు తడిపేసేవు. ఉజ్జోగం వచ్చిందేటే?"

"రాలేదమ్మా."

"మరి ఇది ఎందుకేసేవు?"

"ఇంకో చోట కూడా వెయ్యాల్సింది. అక్కడ మర్చిపోయాను."

అమ్మకి అర్థం కాలేదు. నా మొహం చూసి, తువ్వాలు అంచులు సరిచేసి లోపలికి వెళ్ళింది.

సోమవారం ట్యూషన్ మళ్ళీ తెరుస్తున్నాను. మీ పిల్లలెవరైనా తీసివేతల్లో వీకైతే పంపండి, కలిసి నేర్చుకుంటాం. హల్వా కూడా ఉంది.