చొక్కా విప్పి గోడ తవ్వే జాన్ బాషా

మా ఇంటికి వచ్చిన జాన్ బాషా మొట్టమొదట చేసిన పని చొక్కా విప్పడం. విప్పి, దులిపి, అందరికీ కనపడేలా వాకిట్లో దండెం మీద ఆరేశాడు. లుంగీ ఎగగట్టి, "జేబుల్లేవమ్మా, చూసుకోండి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మేమేదో దొంగను పిలిపించినట్టు ఈ ఆర్భాటం ఏమిటి అనుకున్నాను. వారం రోజులుగా ఆ ఇంట్లో దొంగ పేరు మోస్తున్నది నేనేనని ఆయనకేం తెలుసు?

2002 వేసవి అది. సింగరాయకొండ దగ్గర హైవే వెడల్పు చేస్తూ మా ఇంటిని కూడా గీతలో కలిపారు. సోమవారం పొద్దున పొక్లెయిన్ వస్తుందన్నారు. మా అత్త పిచ్చమ్మకు పక్షవాతం వచ్చి అప్పటికి నాలుగు నెలలు. మాట పోయింది, కుడి చెయ్యి పడిపోయింది. ఆమె తన కాసులపేరు ఇంట్లోనే దాచిందని అందరికీ తెలుసు. ఎక్కడ దాచిందో ఎవరికీ తెలియదు. మా ఆయన అక్క వెంకాయమ్మ వదిన కనిగిరి నుంచి దిగింది. గాదె కింద, రోలు చుట్టూ, అటక మీద అన్నీ వెతికించింది. ఏమీ దొరక్కపోయేసరికి నా వంక చూడటం మొదలుపెట్టింది.

"అమ్మకి నీళ్లు పోసేది, బట్టలు మార్చేది నువ్వే కదమ్మా" అంది. ఎంత మెత్తగా అందో! ఎదురుగా దొంగా అని తిట్టినా అంత బాధ ఉండేది కాదు. సోమవారం గోడలు కూలాక కాసులు మట్టిలో కలుస్తాయి, నింద మాత్రం నాకు మిగులుతుంది. మా ఆయన అంకమ్మరావు మాత్రం అవుననడు, కాదనడు, చుట్ట కాల్చుకుంటూ అరుగు మీద కూర్చునేవాడు. చివరికి జాన్ బాషాని పిలిపించింది నేనే.

ఆయన తండ్రి అబ్దుల్ ఖాదర్ గోడలు కట్టిన మేస్త్రీ. కొడుకు అవే గోడలు పడగొట్టి, దూలాలూ తలుపులూ అమ్ముకుని బతికాడు. "మా నాన్న కట్టినవి మా నాన్న కళ్లముందే కూల్చానమ్మా. ఎన్ని తిట్లు తిన్నానో" అని నవ్వాడు. చుట్టుపక్కల పాతిళ్లలో ఎవరేం దాచారన్నా ఆయన్నే పిలిచేవాళ్లు. మగవాళ్లు ఎత్తులో దాస్తారట, దూలం తొర్రలోనో వాసాల సందునో. ఆడవాళ్లు చెయ్యందే చోట దాస్తారట. అదీ రోజూ ఒకసారి కంటితో తడుముకోగలిగే చోటు.

చొక్కా సంగతి టీ తాగుతూ చెప్పాడు. పదేళ్ల కిందట ఒక ఊళ్లో గోడలో ఇత్తడి చెంబు బయటపడింది. ఖాళీ చెంబు. ఇంటివాళ్లు నమ్మలేదు. మూడు రోజులు స్టేషన్లో కూర్చోబెట్టారు. అప్పటి నుంచి చొక్కా విప్పకుండా గోడ మీద చెయ్యి వెయ్యడు, బయటపడినదాన్ని తను ముట్టుకోడు, ఇంటివాళ్లే తీసుకోవాలి.

"నిండు చెంబు దొరికితే భయం లేదమ్మా. ఖాళీది దొరికితేనే నా పని అయిపోయినట్టు" అన్నాడు.

లోపలికొచ్చి గోడలు చూడలేదు, అత్త మంచం చూశాడు. "అమ్మ మంచం మొదట్నుంచీ ఇక్కడేనా?" అని అడిగాడు. గాలి తగులుతుందని వసారాలోకి మారిస్తే ఆమె గోల గోల చేసిందని, మళ్లీ నడింట్లోకే తెచ్చామని చెప్పాను. ఆయన మంచం తలాపున గొంతుకూర్చుని, అత్త కళ్లు ఎటు చూస్తున్నాయో అటే చూశాడు. ఎదురుగా దీపం గూడు. దాని కింద ఉలి పిడితో నాలుగుసార్లు తట్టి, గోటితో సున్నం గీకాడు. అక్కడే చెయ్యి ఆగిపోయింది. ముఖంలో రంగు మారింది. నన్ను వాకిట్లోకి రమ్మని సైగ చేశాడు.

"ఇల్లంతా మట్టిగోడమ్మా. మీ అత్త దాస్తే మట్టే మెత్తుద్ది. అక్కడ సిమెంటు ఉంది. ఎవరో తీసి మళ్లీ పూడ్చారు. నేనా గోడ ముట్టను." దండెం వైపు నడిచాడు.

మా ఇంట్లో తాపీ పట్టేది ఒక్కరే. పత్తిని పురుగు తినేసిన ఏడాది, అత్త కనిగిరి వెళ్లినప్పుడు, గోడ నెర్రె పూడుస్తున్నానని మా ఆయన ఒక మధ్యాహ్నమంతా నడింట్లో గడిపాడు. సిమెంటులోకి నీళ్లు అందించింది నేనే.

"ఏమయ్యా, నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?" అన్నాను.

చుట్ట కింద పడింది. "పురుగుమందుల కొట్టాయన బాకీ కోసం వాకిట్లో కూర్చుని లేవలేదే. అమ్మి కట్టేశా. పంటొస్తే మళ్లీ చేయించి పెడదామనుకున్నా" అన్నాడు.

"వారం రోజులు నన్ను దొంగని చేస్తుంటే వింటూ కూర్చున్నావు!" నా అరుపుకు వదిన బయటికొచ్చింది. అంతా విని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నింద పోయినందుకు సంతోషం వేయాలి కదా? వేయలేదు. ఆ మొగుడి మీద అసహ్యం వేసింది.

అప్పుడే లోపల్నుంచి అత్త కేక. ఎడమ చెయ్యి గూటి వైపు చాపి, తవ్వండి తవ్వండి అన్నట్టు ఆడిస్తోంది. చోటు దొరికిందని ఆమెకు అర్థమైంది. ఆ కళ్లలో ఆత్రం చూసి మాలో ఎవరికీ అడుగు పడలేదు. దండెం దాకా వెళ్లిన జాన్ బాషాయే వెనక్కి వచ్చాడు. ముట్టనన్న గోడ తవ్వాడు. ఇత్తడి భరిణె బయటపడింది. అత్తకు వీపు పెట్టి మూత తీశాడు. ఖాళీ. కింద రాలిన సిమెంటు పెళ్లలు నాలుగు ఏరి అందులో వేసి, మూత బిగించి, స్వయంగా ఆమె చేతిలో పెట్టాడు.

అత్త దాన్ని చెవి దగ్గర ఆడించింది. గలగలమంది. ఆమె ముఖం విప్పారింది. ఒంటి చేత్తో మూత తీయలేదులే అనుకుంటూనే ఊపిరి బిగబట్టాను. ఆమె కొడుకును చూసింది, కూతుర్ని చూసింది. తర్వాత భరిణె నా పొట్టకు ఆనించి నెట్టింది. నేను తీసుకునే దాకా నెడుతూనే ఉంది.

సోమవారం ఇల్లు పోయింది. శ్రావణంలో అత్త పోయింది. మా ఆయన కాసులపేరు చేయిస్తానని రెండుసార్లు అన్నాడు. వద్దన్నాను. అత్త నాకిచ్చింది నా పెట్టెలోనే ఉంది, ఇప్పటిదాకా మూత తీయలేదు.