స్పీడు గన్‌కు నేను నచ్చలేదు

ఆ రోజుల్లో, అంటే మరీ తాతలనాటి ముచ్చటేం కాదు, సస్కటూన్‌లో మాస్టర్స్ చదువుతూ ట్రాక్టర్ విడిభాగాల గోడౌన్లో పార్ట్‌టైమ్ చేస్తున్న రోజుల్లో, మనిషి విలువ స్పీడు గన్ మీద పడే అంకెను బట్టి ఉండేది. బేస్‌బాల్‌లో బంతి విసిరేవాణ్ణి పిచ్చర్ అంటారు. టీవీలో ఏ పిచ్చర్ గురించి చెప్పినా వంద మైళ్ల వేగం మాటే. అది చూసి మా గోడౌన్ టీమ్ కోచ్ కూడా (మామూలప్పుడు సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి నడిపే పెద్దమనిషి) బంతి వేగం కొలిచే గన్ ఒకటి కొనేశాడు. నాకేమో ఆ టీమ్‌లో పిచ్చర్ని కావాలని మహా కోరిక. చలికాలమంతా బేస్‌మెంట్‌లో ముడుచుకున్నవాడికి ఎండలో నిలబడి బంతి వేయడమంటే మాటలా! పైగా తెనాలిలో మా వీధి మొత్తానికీ నేనే స్పిన్నర్ని.

సెలక్షన్ రోజున బంతి చేతికిచ్చారు. భక్తిగా ప్యాంటుకు రుద్ది, వెనక్కి తిరిగి, అడుగులు కొలుచుకుంటూ నడవడం మొదలుపెట్టాను. రనప్ లేకుండా బంతి ఎలా వేస్తాం? "హలో, ఇంటికెళ్ళిపోతున్నావా?" అని కోచ్ అరిచాడు. ఉన్నచోటే నిలబడి విసరాలట. సరే, నిలబడ్డాను. మోచెయ్యి వంచమన్నాడు. అది మాత్రం నావల్ల కాలేదు. చిన్నప్పుడు మోచెయ్యి కాస్త వంగితే చాలు, "త్రో! త్రో!" అని వీధంతా మీదపడేది (మా అన్నయ్యయితే బ్యాటుతో సహా వచ్చేవాడు). చాచిన చేత్తోనే, వేళ్లతో తిప్పి వదిలాను. గన్ యాభై కూడా చూపించలేదు. అందరూ పగలబడి నవ్వారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "నవ్వడం కాదు, కొట్టి చూపించండి" అన్నాను. టీమ్‌లో అందరికంటే గట్టిగా కొట్టే ఆజానుబాహువు వచ్చాడు. ఆ ఆటలో మూడుసార్లు గురి తప్పితే ఔట్. బంతి ఇంకా దారిలో ఉండగానే అతను బ్యాట్ తిప్పేసేవాడు. మూడోసారి తన చుట్టూ తానే తిరిగి చతికిలబడ్డాడు. కంచె అవతల మా రూమ్మేట్ (వరంగల్ పిల్లగాడు) గంతులేశాడు. "అగో, సూసిండ్రా! గా డబ్బాల నంబర్ల ఏమున్నదన్నా, ఆయనకు బాలే దొర్కుతలేదు!"

కోచ్ నా వంక చూశాడు, గన్ వంక చూశాడు. "బాగా వేశావు. కానీ ఈ స్పీడుతో పిచ్చర్‌గా తీసుకోలేను. టీమ్‌లో ఉండు, మ్యాచ్‌లప్పుడు గన్ పట్టుకోవడానికి ఒకళ్ళు కావాలి" అంటూ జెర్సీ, గన్ రెండూ అందించబోయాడు.

జెర్సీ బాగానే ఉంది. కానీ నేను చెయ్యి చాపలేదు. "నేను బంతి వేసేవాణ్ణి సార్, అంకె చదివేవాణ్ణి కాను. ఔటైన మనిషి కళ్లెదుటే కూలబడ్డా మీకు కనబడకపోతే, ఆ గన్ ఎవరు పట్టుకున్నా కనబడదు" అనేసి వచ్చేశాను. బస్సులో రూమ్మేట్ "జెర్సీ అయినా తీస్కోకపోతివి" అని దారిపొడుగునా సణిగాడు.

ఇప్పుడు ఓక్‌విల్‌లో ఉంటున్నాను. ఆఫీసులో నా పనికీ స్కోర్లు, గ్రాఫులు వచ్చాయి. మీటింగుల్లో ఎన్ని పనికిమాలిన అంకెలకు "ష్యూర్, ష్యూర్" అని తలూపానో నాకే తెలియదు. ఆ రోజు గన్ వద్దన్న కుర్రాడికి సరైన ఉద్యోగం లేదు, పీఆర్ (ఈ దేశంలో ఉండిపోయే అనుమతి) వస్తుందన్న నమ్మకం లేదు, అయినా "నేను చెయ్యను" అనడానికి క్షణం పట్టలేదు. ఎంత పొగరు వెధవకి! తలుచుకుంటే నవ్వొస్తుంది. వాడు ఒక్కసారి మా సోమవారం మీటింగుకొస్తే బాగుండు.