తోటికోడలి జాకెట్టు, నా సంపాదకత్వం

నేను పుట్టింది బిలాస్‌పూర్‌లోనే. మా నాన్న చీపురుపల్లి దగ్గర పల్లె నుంచి లోకో షెడ్డులో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నన్నిచ్చింది కూడా రెండు వరుసల అవతలి క్వార్టర్లో ఉండే గార్డుకే. అందుచేత పెళ్లయినా నా లోకం రైల్వే కాలనీ దాటలేదు.

లోకం దాటిందల్లా నా రాత. మద్రాసు నుంచి ఆడవాళ్ల మాసపత్రిక ఒకటి పోస్టులో వచ్చేది. బొగ్గు నుసి పడే ఊళ్లో తెల్లబట్టలు ఎలా కాపాడుకోవాలో ఒకసారి రాసి పంపాను. వేశారు. దొరసానుల గౌన్ల చేతులు చూసి మన జాకెట్లకు ఎలా కత్తిరించుకోవచ్చో బొమ్మ గీసి పంపాను. అదీ వేశారు. కొన్నాళ్లకు నెలనెలా ఒక పేజీ నాకే ఇచ్చేశారు. దాని పేరు కట్టుబొట్టు, పేరు కింద నా పేరు. నా కాళ్లు నేలమీద నిలవలేదు.

అంతలో మా మరిదికి పెళ్లయింది. పిల్ల విజయనగరం నుంచి వచ్చింది. నాకంటే పొట్టి, రంగు కూడా నాకంటే తక్కువే. ఇందులో న్యాయం వెతక్కండి, ఆ పిల్ల గురించి నేను న్యాయంగా చెప్పలేను. గోనెసంచి చుట్టుకున్నా దానికి అందం వచ్చేది. జాకెట్టు చేతులకు కుచ్చులు పెట్టుకోమని నేను పత్రికలో రాస్తే కాలనీలో ఒక్కరూ పెట్టుకోలేదు. ఆ పిల్ల మోచేతి దాకా చేతులు కుట్టించుకుని కొళాయికి నీళ్లకు వెళ్లింది. వారం తిరక్కుండా తెలిపారా బజారు దర్జీ అందరికీ అవే కుడుతున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

అప్పుడే నేను ఎర్రచీర సంగతి రాశాను. మా కాలనీలో పట్టాల వైపు ఎర్రగుడ్డ ఆరేయరు. డ్రైవరు ప్రమాదపు జెండా అనుకుని బండి ఆపేస్తాడని భయం. ఎర్రచీర కట్టుకుని లైను దాటరు, స్టేషనుకు వెళ్లరు. పుట్టిన దగ్గర్నుంచీ అదే చూశాను గనక, అది ఆడవాళ్ల మర్యాదల్లో ఒకటనే అనుకున్నాను. బయటికి వెళ్లేటప్పుడు ఎర్రచీర కట్టడం మర్యాదస్తుల పద్ధతి కాదని రాసిపారేశాను. కారణం మాత్రం రాయలేదు. అన్నం చేత్తో కలుపుకోవాలని రాసేవాళ్లు కారణం చెబుతారా?

కోస్తా జిల్లాలన్నీ భగ్గుమన్నాయి. ముత్తైదువలు ఎరుపు కట్టకపోతే ఇంకెవరు కడతారని, ఈవిడ ఏ దేశపు మనిషని ఉత్తరాలు. పత్రికవాళ్లు వాటిని కట్టగట్టి నాకు పంపారు.

"నువ్వు రాసింది నిజమే గదేటి?" అంది మా అత్త. "ఎర్రకోక కట్టుకుని టేసనుకెల్తే బండాగిపోదేటి?"

తోటికోడలు పొట్ట పట్టుకుని నవ్వింది. "అది రైలోల్ల రూలత్తా. మా ఊర్లో ఎర్రకోక కట్టుకునే సంతకెల్తారు." తర్వాత నావైపు తిరిగి, "నువ్వు దిగులెట్టుకోకక్కా, నాను రాస్తాను" అంది.

రాసింది. మా పట్టాలు, మా జెండాలు, మా భయాలు అన్నీ కలిపి చదివినవాళ్లు నవ్వుకునేలా రాసింది. దాన్ని నా పేజీలోనే, నా వ్యాసానికి పైన వేశారు. ఈవిడ కూడా తరచు రాస్తే బాగుంటుందని కింద ఒక ముక్క చేర్చారు. నన్ను గట్టెక్కించింది, కాదనను. ఆ రోజు నుంచి దాని ముఖం చూస్తే నాకు కడుపుమంట రెట్టింపయింది.

కొన్నాళ్లకు పత్రిక నడిపే అమ్మగారు బొంబాయి నుంచి కలకత్తా వెళ్తూ మా స్టేషను మీదుగా వస్తున్నానని, ఇద్దర్నీ బండి దగ్గరికి రమ్మని రాశారు. కట్టుబొట్టు పేజీలను వేరే పత్రికగా వేస్తారట. దానికి సంపాదకురాలు కావాలట. మా ఇంట్లో అందరూ అది చిన్నకోడలికే అనుకున్నారు. నేనూ అనుకున్నాను. నాకు అన్నం సయించలేదు.

తెలిసినవాళ్లెవరైనా మా ఊరి మీదుగా వెళ్తుంటే క్యారియర్లో భోజనం పట్టుకుని ప్లాట్‌ఫారానికి వెళ్లడం మా కాలనీవాళ్ల అలవాటు. పులిహోర నేను కలిపాను. ఇక్కడి మగ్గాల మీద నేసే నల్లంచు కోసా పట్టుచీర కట్టుకున్నాను. తోటికోడలు ఎర్రపట్టు కట్టుకుని బయల్దేరింది, అదీ స్టేషనుకు. చూసినవాళ్లంతా నోళ్లు తెరిచారు, బండి మాత్రం ఎక్కడ ఆగాలో అక్కడే ఆగింది.

అమ్మగారు కిటికీ దగ్గర కూర్చుని పులిహోర తింటూ ఇద్దర్నీ ఎగాదిగా చూశారు. తర్వాత నాతో, "మీరు అటు తిరిగి, ఈ అమ్మాయి ఏం కట్టుకుందో చెప్పండి" అన్నారు.

అటు తిరిగాను. చీర రంగుతో మొదలుపెట్టాను. జాకెట్టు చేతులు మోచేతికి ఎంత పైన ఆగాయో, భుజం దగ్గర కుట్టు ఎందుకు వెనక్కి జరిపించిందో, లోపల పాత పంచె గుడ్డ ఎక్కడ అతికించిందో, పమిట మడతలో పిన్ను కనపడకుండా ఎలా దాచిందో చెప్పుకుంటూ పోయాను. అవతల ఇంజను మారుస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"ఇప్పుడు నువ్వు చెప్పమ్మా, మీ అక్క ఏం కట్టుకుంది?" అని దాన్ని అడిగారు.

అది తిరిగి నన్ను చూడబోయింది. చూడకుండా చెప్పమన్నారు. "అచ్ఛా, ఏటో చీరండి" అంది నవ్వుతూ. "అక్క బట్టలు నానెప్పుడూ చూడలేదండి."

సంపాదకత్వం నాకిచ్చారు. నేను కోరుకున్నది అదే, దక్కింది. కానీ ఇంటికి నడుస్తుంటే నాకు ఏడుపొచ్చింది. నేను దాని కుట్టుకుట్టూ నెమరేసుకుంటూ బతికిన ఇన్నాళ్లూ అది నన్ను ఒక్కసారైనా తేరిపార చూడలేదు. నా అసూయ దానికి తెలియను కూడా తెలియదు.

మొదటి సంచికకు ఫొటో కావాలన్నారు. ఎవరిదో వేరే చెప్పాలా? స్టూడియోలో దాని కుచ్చిళ్లు నేనే సర్దాను. ఎర్రచీర అచ్చులో నల్లగా పడింది, అయినా బాగుంది. నిండు పేజీకి దాని బొమ్మ, అడుగున చిన్న అక్షరాల్లో సంపాదకురాలిగా నా పేరు.

మా అత్త ఆ పేజీ చింపి అద్దం కట్టించబోయింది. తెచ్చిన ఫ్రేములో అది పట్టలేదు. కత్తెరా కాగితమూ పట్టుకుని నా దగ్గరికొచ్చింది. ఇంట్లో తిన్నగా కోసేది నేనే.

"అడుగునున్న ఈ గీతలు అడ్డొస్తన్నాయమ్మా, కోసీ."

అత్తకు చదువు రాదు. ఆ గీతల్లో నా పేరుందని చెప్పొచ్చు. చెబితే తోటికోడలు పరుగున వచ్చి, ఫ్రేము మార్పించి, నా పేరు కాపాడుతుంది. మళ్లీ అదే మంచిదవుతుంది. నేను కత్తెర అందుకుని, వంకర పోకుండా కోసిచ్చాను.