తెల్ల తువ్వాలు

నా చిన్నప్పుడు మా ఊళ్లో పెళ్లి ఫోటోలన్నీ కొంచెం పసుపుగా ఉండేవి. తీసేది మా మేనమామ. సంగారెడ్డిలో చిన్న స్టూడియో నడిపేవాడు. ఆయన కెమెరా లెన్సు అప్పటికే పాతది, చేత్తో రింగు తిప్పి ఫోకస్ చేసే రకం. ఏళ్లు గడిచేకొద్దీ దాని గాజుకు లేత టీ రంగు పట్టింది. కొత్తది కొనే తాహతు లేదు. పెళ్లివాళ్లేమో అమ్మాయి ముఖంలో ఎంత కళ వచ్చిందో అని మురిసిపోయేవారు.

అమ్మా నేనూ తాతయ్య ఇంట్లోనే ఉండేవాళ్లం, పటాన్‌చెరు అవతల. వాగు ఒడ్డున తాతయ్యకు రెండెకరాల వరి మడి ఉండేది. ఎగువన ఫ్యాక్టరీలు వచ్చాక వాగు నీళ్లు ఇటుక పొడి కలిపినట్టు ఎర్రగా పారడం మొదలైంది. ఆ నీళ్లు పెట్టిన మడిలో నారు వేళ్ల దగ్గరే మాడిపోయింది. బర్రెలు వాగు దాకా వెళ్లి, వాసన చూసి, దాహంతోనే వెనక్కి తిరిగేవి. నాట్ల లోపల ఆ నీళ్లు ఆపించకపోతే ఆ ఏడు కూడా గింజ ఇంటికి రాదు. తాతయ్య సంగారెడ్డి వెళ్లి కాలుష్య నియంత్రణ ఆఫీసులో మొరపెట్టుకున్నాడు. అధికారి చూడటానికి వచ్చిన రోజు మాత్రం వాగు తేటగా ఉంది. ఫ్యాక్టరీలకు ముందే కబురు అందిందని ఊళ్లో అందరికీ తెలుసు. ఎవరు అందించారో మాత్రం ఎవరికీ తెలియదట!

నీళ్లు మళ్లీ ఎర్రబడగానే మామ రంగుల ఫిల్ము వేసి ఫోటో తీశాడు. తాతయ్య నన్ను వెంటబెట్టుకుని దాన్ని సంగారెడ్డి తీసుకెళ్లాడు. అధికారి ఫోటో చూశాడు, అందులో ఓ మూలన ఉన్న మా బర్రెను చూశాడు. బర్రె మీద, గట్టు మీద, ఆకాశం మీద కూడా అదే పసుపు ఛాయ. ఆయన నవ్వాడు.

"ఇది నీళ్ల రంగు కాదు పెద్దాయనా, మీవాడి కెమెరా రంగు. ఇట్లాంటి అబద్ధాలు పట్టుకుని మళ్లీ రాకండి."

తాతయ్య జీవితంలో చాలా మాటలు పడ్డాడు కానీ అబద్ధమాడాడన్న మాట పడలేదు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. మామ అంతకంటే ఎక్కువ నలిగిపోయాడు. తన లెన్సు వల్లే తండ్రి మాట చెల్లకుండా పోయిందని.

మర్నాడు మామ మా అమ్మమ్మకు ఒక పని చెప్పాడు. తాతయ్య తలకు చుట్టుకునే తువ్వాలును సబ్బుతో బాగా ఉతకాలి, నీలం మాత్రం పెట్టకూడదు. నీలం లేకుండా తెల్లబట్ట ఉతకడమేమిటని అమ్మమ్మ గొణుక్కుంటూనే ఉతికింది. ఆ తువ్వాలు ఒక కొన తాతయ్యకు, ఇంకో కొన నాకు ఇచ్చి, వాగులో మోకాళ్లలోతున నిలబెట్టాడు. తువ్వాలు నీళ్లను తాకకూడదు, నీళ్ల పక్కనే పరిచినట్టు కనబడాలి. నా కాళ్లు మంట పుడుతున్నాయి. ఊరి నలుగురి ముందు తలపాగా లేకుండా తాతయ్య నిలబడటం నేను చూడటం అదే మొదలు. మామ రెండు వేళ్లతో లెన్సు రింగు అటూ ఇటూ తిప్పుతూ ఎంతసేపటికీ నొక్కడే.

"జల్దీ తియ్యి మామా, కాళ్లు మండుతున్నయ్," అన్నాను ఏడుపు గొంతుతో.

"జెర ఓర్సుకో బిడ్డా. పక్కన తెల్లది ఉంటెనే రంగు సంగతి తెలుస్తది. ఫోటో కడిగేటాయనకు తువ్వాల తెల్లగొచ్చేదాంక సరిజెయ్యమని చెప్త. తువ్వాల తెల్లగొచ్చినంక గూడ నీళ్లు ఎర్రగనే ఉంటె, ఇగ కెమెరాను ఏమంటరు?"

ఫోటో అట్లాగే వచ్చింది. తువ్వాలు మల్లెపువ్వంత తెల్లగా, దాని కింద వాగు ఎర్రగా. ఈసారి అధికారి నవ్వలేదు. చాలాసేపు చూసి, "సరే, నీళ్లు ఎర్రగానే ఉన్నాయి" అన్నాడు. ఫైలుకు కావాలని నెగెటివ్ కూడా అడిగి తీసుకున్నాడు. పైకి రాస్తామన్నాడు.

తిరుగు బస్సులో తాతయ్య ముఖం వెలిగిపోయింది. "నా మాట అబద్ధం గాదని ఒప్పుకున్నడు గదా బిడ్డా!" అని దారి పొడుగునా అంటూనే ఉన్నాడు. నేనూ గెలిచామనుకున్నాను. వాగు మాత్రం మరునాడూ ఎర్రగానే పారింది, నాట్ల నాడూ ఎర్రగానే పారింది. మేం ఇన్నాళ్లూ ఆయన నమ్మడం లేదనుకున్నాం. నమ్మి కూడా ఊరుకుంటాడని పదేళ్ల పిల్లకు ఎట్లా తెలుస్తుంది? ఆ మడిలో మళ్లీ నారు పడలేదు. తాతయ్య ముసలితనంలో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా కూర్చున్నాడు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు, చల్లారాలని కూడా లేదు.

మామ పోయాక ఆ లెన్సు నాకు వచ్చింది. మధ్యలో ఒక అడాప్టర్ రింగు బిగించి నా డిజిటల్ కెమెరాకు పెట్టుకుంటాను. దాని పసుపును ఇప్పటి కెమెరా తనంతట తానే చాలావరకు దిద్దేస్తుంది. అయినా ఏది తీసినా ముందు ఒక తెల్ల రుమాలు పక్కన పెట్టి చూస్తాను. అమీన్‌పూర్‌లో మా అపార్ట్‌మెంట్ వాళ్లు నాకిదో పిచ్చి అనుకుంటారు.

మొన్న మామ స్టూడియో ఆల్బంలో ఆ ఫోటో ప్రింటు దొరికింది, మిగిలిన ఒకే ఒక్కటి. ఇన్నేళ్లలో కాగితం మీద రంగులు మారిపోయాయి. నీలం, పచ్చ వెలిసిపోయి ఎరుపు మిగిలింది. గట్టు ఎర్రగా ఉంది, తాతయ్య బట్టతల ఎర్రగా ఉంది, మా చేతుల్లో తువ్వాలు కూడా ఎర్రగానే ఉంది. మా మనవరాలికి చూపించి కథంతా చెప్పాను.

"పాత ఫోటోలన్నీ గిట్లనే అయితయ్ కదా అమ్మమ్మా," అంది.

దాని తప్పేం లేదు, ఎవరు చూసినా అదే అంటారు. నేను మాత్రం ఫోటో దాని చేతిలోంచి తీసుకుని, ఆనాడు ఆఫీసు బల్ల ముందు తాతయ్య నిలబడినట్టే నిలబడి, "ఆ తువ్వాలు తెల్లగుండె బిడ్డా. ఒక కొన నేనే పట్టుకున్న," అన్నాను.