తెల్ల పరుపు మీద సాక్సు

పొద్దుగాల తొమ్మిదైంది. ముసురు పట్టి సన్నగ వాన పడుతున్నది. మూటలు మోసే మట్టయ్య కడుపుల చాయ తప్ప ఏం లేదు. దిల్‌సుఖ్‌నగర్ల చీరల దుకాణం ముంగట మూటల మీద ప్లాస్టిక్ పట్టా కప్పుకుంట దశరథ కోసం చూస్తున్నడు. దశరథ సద్ది డబ్బల మట్టయ్యకని రెండు రొట్టెలు ఎక్కువ ఉంటయి.

దశరథది పోచంపల్లి దిక్కు. మగ్గం ఇడిచొచ్చి ఇరవై ఏండ్ల సంది ఇక్కడ చీరలు ఇప్పి చూపిస్తడు. కండ్లు మూసుకొని ముట్టుకున్నా ఏది చేతి నేతనో ఏది మిషిన్దో చెప్తడు. నిలబడి నిలబడి పిక్క నరాలు తాళ్ల లెక్క ఉబ్బితే, మొన్ననే కొత్తపేటల డాక్టరు వాటికి సూదులేసిండు.

సకల జనుల సమ్మె, బస్సుల్లేవు. ఎల్బీనగర్ నుంచి దశరథ నడిచొచ్చిండు, ఎడమ కాలికి తొడ దాక బిగుతు సాక్సు.

"నడకనే మంచిదంట మట్టయ్యా, నిలబడుడే పాడంట. సాక్సు ఇప్పొద్దన్నడు. మచ్చలు పడ్తయి, జర నొప్పుంటది, పరేషాన్ గాకన్నడు. ఎవలకో ఒకలకు లోపల రక్తం గడ్డ కడ్తదంట. పిక్క వాస్తే ఎంటనే రమ్మన్నడు."

"గడ్డ కట్టెటందుకు నీ ఒంట్ల నెత్తురేడున్నదే?"

ఇద్దరూ నవ్విండ్రు.

లోపల సేటు త్రినాథరావు అగరొత్తులు ముట్టిచ్చి చూసిండు. "ఏంటయ్యా దశరథా, పట్టుచీరలు పరిచే పరుపు మీదకి సాక్సుతో ఎక్కుతావా? దసరా అయ్యాక వేసుకో, ఎవరొద్దన్నారు?"

డాక్టరు చీటి జేబులనే ఉన్నది. తియ్యలే. నూలు దగ్గరికి కాలిజోడు రానియ్యని ఇంట్ల పుట్టినోడు, ఆయనకూ అది తప్పే అనిపించింది. సాక్సు ఇప్పి సద్ది సంచిల పెట్టుకున్నడు.

సమ్మెకని సగం దించిన షట్టర్ కింద వంగి వంగి గిరాకీ వచ్చింది. కూసునే సందు లేదు. నాలుగో నాడు పిక్క వాచి కాలిపోతున్నది.

"ఇది ఆ నొప్పేనా మట్టయ్యా?"

"డాక్టరు ముందే చెప్పిండు గద, గదే ఇది. ఓపిక పట్టు."

ఏం తెలిసి చెప్పిండో మట్టయ్యకే తెల్వదు. దశరథ ఇంకో రెండు దినాలు నిలబడ్డడు.

ఏడో నాడు కాలు కింద పెట్టలేకపోయిండు. ఆటోల్లేవు. మూటల బండి మీద పండవెట్టి మట్టయ్య కొత్తపేటకు తోసిండు. ర్యాలీల పోరలు లాఠీ దెబ్బలనుకొని జై తెలంగాణ అని తొవ్వ ఇచ్చిండ్రు. దశరథ పండుకునే దండం పెట్టిండు.

"సాక్సు ఏది?" అన్నడు డాక్టరు. దశరథ సద్ది సంచి చూపిచ్చిండు.

"లోపలి నరంల గడ్డ కట్టింది. అది ఊపిరితిత్తులకు ఎక్కితే మనిషి దక్కడు."

మనిషి దక్కిండు. కాలు వాపు మాత్రం పోలే.

ఉగాదికి మళ్ల దుకాణం ఎక్కితే సేటు దయ చూపిండు. "కూర్చునే పని ఇస్తాలే." తలుపు కాడ స్టూలు. గిరాకీ చెప్పులు తీసుకొని టోకెన్ ఇచ్చుడు. ఇప్పుడు సాక్సు ఉన్నా ఎవరూ ఏమనరు.

ఒకనాడు ఒకామె కొన్న చీర పట్టుకొని స్టూలు కాడ ఆగింది. "అన్నా, ఇది చేతి నేతనేనా?"

దశరథ చెయ్యి చాపిండు.

"చెప్పులు ముట్టుకున్న చేతులయ్యా అవి," అన్నడు త్రినాథరావు లోపల్నుంచి.

దశరథ చెయ్యి ఎనక్కి తీసుకున్నడు.

రెండు గంటలకు మట్టయ్య బువ్వకు వచ్చేసరికి స్టూలు ఖాళీగ ఉన్నది. టోకెన్లు ఒకటి నుంచి నలభై దాక వరుసగ పేర్చి ఉన్నయి. చెప్పుల అరల దశరథవి లేవు. మట్టయ్యకు గూడ ఒక మాట చెప్పలే.