కాళ్లొచ్చిన కుర్చీ

మామగారు తన జన్మలో ఎవరినీ ఏ పనీ చెయ్యమని అడిగి ఎరగరు. తలుపు వెయ్యమనరు, మంచినీళ్లు తెమ్మనరు, టీవీ కట్టెయ్యమని అసలే అనరు. ఎదుటివాళ్లు తమంతట తామే ఆ పని చేసేలా ఇంట్లో ఏదో ఒక వస్తువును అటూ ఇటూ చేసి, పేపరు అడ్డం పెట్టుకుని, దాని పై అంచు మీదుగా చూస్తూ కూర్చుంటారు. అనుకున్నట్టు జరిగితే పేపరు సన్నగా ఊగుతుంది. అంటే నవ్వుతున్నారన్నమాట.

ఈ సంగతి కొత్త కోడలికి ఎవరూ ముందుగా చెప్పలేదు. ఆ ఇంటికి వచ్చిన మర్నాడు పొద్దున్నే ఆమె స్నానాల గది లైటు వెయ్యబోయి కెవ్వుమంది. స్విచ్చికి పైన, గోడ మీద, రెండు కళ్లున్నాయి. ముక్కూ మొహం ఏమీ లేవు. వట్టి కళ్లు, అవీ చాలా కోపంగా.

"లైటు ఆర్పకుండా వెళ్లిపోయేవాళ్ల కోసమమ్మా," అన్నారు పేపరు వెనకనుంచి మామగారు. "ఎవరో చూస్తున్నారనిపిస్తే మనిషి బుద్ధిగా ఉంటాడు."

"ఎవరి కళ్లండీ అవి?"

"మీ అత్తయ్యవే. పాత ఫొటోలోంచి పెద్దవి చేయించాను. ఇంకెవరి కళ్లు పెట్టినా ఈ ఇంట్లో పనిచెయ్యలేదు."

ఆ దడ తగ్గడానికి బిస్కెట్టు తిందామని కోడలు వంటింట్లోకి వెళ్లింది. చేతికందే ఎత్తులో కోసిన పళ్ల ముక్కలున్నాయి. బిస్కెట్ల డబ్బా అటక మీద ఉంది.

"బిస్కెట్లు తినకూడదాండీ?"

"అయ్యో, ఎవరన్నారమ్మా? నిక్షేపంగా తిను. స్టూలు పెరట్లో ఉంది, కొళాయి పక్కన. కాస్త తుడుచుకోవాలి."

కోడలు పళ్లు తింది. పేపరు ఊగింది.

మామగారు కాలేజీలో అర్థశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఆ పుస్తకాల్లో ఒక మనిషి ఉంటాడు. లాభనష్టాలు బేరీజు వేసుకోనిదే చిటికెన వేలైనా కదపడు. "వాడి కోసం వెతకని చోటు లేదమ్మా," అనేవారు మామగారు. "బజార్లో లేడు, క్లాసులో లేడు, మా స్టాఫ్ రూములో సరేసరి. పొద్దున్నే అద్దంలో చూస్తే అక్కడా లేడు." దాంతో ఉద్యోగం చివరి రోజుల్లో తన గది వదిలేసి, మనస్తత్వశాస్త్రం వాళ్ల గదిలో మకాం పెట్టి, వాళ్ల టీ తాగుతూ, వాళ్ల పుస్తకాలన్నీ చదివేశారు. కోడలు చదివింది ఆ శాస్త్రమే. ఆస్పత్రిలో రోగులకు ధైర్యం చెప్పే ఉద్యోగం ఆమెది. ఆ సంగతి తెలిసిన రోజున మామగారు ఆమె చెయ్యి పట్టుకుని, "ఈ సంబంధం ఎప్పుడో కలవాల్సిందమ్మా. పెద్దల పంతాల వల్లే ఆలస్యమైంది," అన్నారు. ఏ పెద్దలు, ఏ పంతాలు అని కంగారుపడి ఆమె రాత్రంతా భర్తను నిలదీసింది. ఆయన చెప్పింది రెండు శాస్త్రాల సంబంధం గురించని తేలడానికి చాలా సేపు పట్టింది.

అన్ని ప్రయోగాలూ ఫలించేవని కాదు. కొడుకు పొట్ట తగ్గించడానికి ఒకసారి ఇంట్లో కంచాలన్నీ తీసేసి సాసర్లకన్నా కాస్త పెద్దవి కొన్నారు. కొడుకు మారు వడ్డించుకోవడానికి లేచీ లేచీ, చివరికి గిన్నెనే ముందు పెట్టుకుని తిన్నాడు. ఆ పూట పేపరు కదల్లేదు.

మామగారికి ఒక పాత మిత్రుడు ఉండేవాడు. ఆయనదీ అర్థశాస్త్రమే, కానీ పుస్తకంలో మనిషి నిజంగా ఉన్నాడని గట్టిగా నమ్మే రకం. ఒకరోజు వాదన ముదిరి టీ చల్లారిపోయింది. మామగారు లోపలికి వెళ్లి ఒక మామూలు కప్పు తెచ్చి, "ఇది నీకే, ఉంచుకో," అని ఇచ్చారు. పిడి దగ్గర చిన్న బీట. మిత్రుడు సాయంత్రం దాకా అందులోనే టీ తాగాడు. వెళ్లేముందు మామగారు బంగారు అంచున్న కొత్త కప్పు తెచ్చి, "అదిచ్చి ఇది తీసుకో," అన్నారు.

మిత్రుడు బీట కప్పును గుండెకు దగ్గరగా పెట్టుకున్నాడు. "ఎందుకు? ఇది బాగానే ఉందిగా."

"దానికి బీట ఉంది."

"ఉంటే ఉంది. నాది."

"లెక్క ప్రకారం చూస్తే..."

"లెక్క సంగతి తర్వాత చూద్దాం. నా కప్పు జోలికి రాకు," అని ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. అంత చదువుకున్న పెద్దమనిషి వీధిలో కప్పు పట్టుకుని చకచకా నడిచిపోతుంటే కోడలు నోరు తెరుచుకుని చూసింది.

ఇలా ఆశ్చర్యపోవడం కోడలికి అలవాటవుతున్న రోజుల్లోనే అత్తగారికి గుండె ఆపరేషను జరిగింది.

ఆపరేషను బాగా జరిగింది. ఇంటికి వచ్చాకే చిక్కంతా. అత్తగారు మంచం దిగితే పడకగది గుమ్మం పక్కనున్న తన పేము కుర్చీ దాకా వచ్చేవారు, అంతకు మించి అడుగు వేసేవారు కాదు. నడిస్తే లోపల ఏదో తెగిపోతుందని ఆవిడ భయం. డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు: "కుట్లు గట్టిగా ఉన్నాయి. నడవాల్సింది ఆవిడే. ఇలాగే కూర్చుంటే మళ్లీ నా దగ్గరికే వస్తారు. అప్పుడు నేనేం చెప్పలేను."

కొడుకు బతిమాలాడు, తర్వాత కోప్పడ్డాడు. కోడలు ఆస్పత్రిలో చెప్పే మాటలన్నీ ఇంట్లోనూ చెప్పింది. అందరికీ ఒకటే జవాబు వచ్చింది.

"రేపట్నుంచి నడుస్తాను తల్లీ."

"ప్రతి మనిషిలోనూ ఇద్దరుంటారమ్మా," అన్నారు మామగారు పేపరు వెనకనుంచి. "ఈరోజు మనిషి, రేపటి మనిషి. రేపటి మనిషి బంగారం. నడుస్తాడు, వేళకు మందులేసుకుంటాడు. ఎటొచ్చీ వాడు ఏ రోజూ రాడు."

భార్య అలా ఉంటే ఈయనకు శాస్త్రమేమిటని కోడలికి ఒళ్లు మండింది. ఆ మండడంలోనే హాల్లోకి వస్తూ దేనికో తట్టుకుని పడబోయింది. చూస్తే పేము కుర్చీ. గుమ్మం పక్కన ఉండాల్సింది హాల్లోకి వచ్చింది. మర్నాడు ఇంకాస్త ముందుకు వచ్చింది. ఆ పై వారానికి హాలు దాటి వరండా గుమ్మం దగ్గర తేలింది. అత్తగారు మంచం దిగి, గోడ పట్టుకుని, "ఈ కుర్చీకి కాళ్లొచ్చాయే," అని సణుక్కుంటూ అక్కడిదాకా వచ్చి కూర్చుంటున్నారు.

ఎవరి పనో కోడలికి వేరే చెప్పక్కర్లేదు. అత్తగారు కునుకు తీస్తున్న వేళ చూసి, తిన్నగా మామగారి ముందుకు వెళ్లి నిలబడింది.

"మంచం దిగడానికే భయపడే మనిషండీ. ఆవిడ కుర్చీని దూరం జరుపుతారా? గోడ మీద కళ్లు పెట్టారు, ఊరుకున్నాను. డబ్బా అటకెక్కించారు, ఊరుకున్నాను. అత్తయ్యగారి మీద కూడానా మీ ప్రయోగాలు?"

పేపరు కిందికి దిగింది. కోడలు నివ్వెరపోయింది. కొన్నాళ్లుగా ఆమె ఆయన మొహం సరిగ్గా చూడనేలేదు. గడ్డం మాసి ఉంది, కళ్లు లోపలికి పోయాయి, పేపరు పట్టుకున్న చేతులు వణుకుతున్నాయి. ఈమధ్య పేపరు ఊగుతుంటే నవ్వుతున్నారనే అనుకుంది ఆమె.

"అడిగానమ్మా," అన్నారు మామగారు. "ఇంటికి తీసుకొచ్చిన రోజే, నోరు తెరిచి అడిగాను. కాస్త నడవవే అని. నాకు భయంగా ఉందండీ అంది. ఇంకోసారి అడిగితే నా గొంతు పట్టేసుకుంటుంది. నాకూ భయంగా ఉందని తనకి తెలిసిపోతుంది. అందుకే రోజూ జానెడు జరుపుతున్నాను. జానెడు దూరానికి ఎవరూ భయపడరు కదా."

కోడలు ఆయన పక్కనే కూర్చుండిపోయింది.

"కానీ ఒక్కటి అంతు పట్టడం లేదు," అన్నారాయన గొంతు తగ్గించి. "నేను జరిపేది జానెడు. కాసేపాగి చూస్తే మూరెడు జరిగి ఉంటోంది. నువ్వు గానీ..."

"నేనా? నేను రోజూ దానికి తట్టుకుని పడుతున్నానండీ."

కొడుకును అడిగితే తనకేం తెలియదన్నాడు. పాత మిత్రుడు వచ్చి, గచ్చు వాలుగా ఉందేమోనని గోళీ పెట్టి చూశాడు. గోళీ కదలకుండా నిలబడింది. మనుషులు వింతగా ప్రవర్తించడం మామగారికి కొత్తేం కాదు గానీ, కుర్చీ కూడా మొదలుపెడుతుందని ఆయన ఊహించలేదు.

చివరికి కోడలే కాపు కాసింది. తెల్లవారుతుండగా వంటింటి తలుపు చాటున నిలబడింది. మామగారు పిల్లిలా వచ్చి, కుర్చీ జానెడు జరిపి, స్నానానికి వెళ్లారు. నీళ్ల చప్పుడు మొదలవగానే పడకగది తలుపు తెరుచుకుంది. అత్తగారు వచ్చారు. గోడ పట్టుకోలేదు. నింపాదిగా నడిచి వచ్చి, కుర్చీని కాలితో మెల్లగా నెట్టారు. ఎంత దూరం వచ్చిందో చూసుకుని, చాలదన్నట్టు ఇంకోసారి నెట్టారు.

"అత్తయ్యగారూ," అంది కోడలు.

అత్తగారు వేలు పెదవుల మీద పెట్టుకున్నారు. "మెల్లగా. ఆయన వింటారు."

"మీకు ముందే తెలుసా?"

"మొదటిరోజే తెలుసు. ఆయన జరిపాక కుర్చీ ఎప్పుడూ వంకరగానే ఉంటుంది."

"మరి భయమన్నారు?"

"భయమే. కానీ ఆయన మొహం చూశాక నా భయం ఓ పక్కన పెట్టాల్సి వచ్చింది." అత్తగారు కుర్చీలో కూర్చుని చీర సర్దుకున్నారు. "డాక్టరు ఆయన రక్తం కూడా చూశాడు. షుగరు బాగా పెరిగింది, ఈయన్నీ నడిపించమ్మా అని నాతో అన్నాడు. నడవండి అంటే ఈయన వింటారా? నన్ను పట్టుకుని పాఠం చెబుతారు. పక్కన నేను లేకపోతే మాత్రం ఆయన పేపరు చదవలేరు. నేనెంత దూరంలో కూర్చుంటే అంత దూరం వస్తారు. జానెడు చొప్పున అయితే ఆయన వీధి చూసేసరికి ఏడాది పడుతుంది. అందుకని నేనూ ఓ చెయ్యి వేశాను."

నీళ్ల చప్పుడు ఆగింది. ఆస్పత్రిలో ఇన్నాళ్లుగా జనానికి ధైర్యం చెబుతున్న కోడలు, పాలు పొంగిపోతున్న సంగతి కూడా మరిచి అలాగే నిలబడిపోయింది.

కుర్చీ వరండా మెట్లు దిగింది, ముంగిలి దాటింది, గేటు దాకా వచ్చింది. గేటు బయట కుర్చీ వేస్తే బళ్లకు అడ్డమని మామగారు తల పట్టుకుంటుంటే, "కుర్చీ ఎందుకులెండి, అలా ఊరికే చివరిదాకా వెళ్లొద్దాం," అన్నారు అత్తగారు.

మామగారు గేటు దగ్గరున్న కోడలి వైపు గర్వంగా చూసి, భార్య వెంట బయల్దేరారు. వీధి మొదట్లోనే పాఠం ఎత్తుకున్నారు. "చూడు, మనిషిని నడువు అంటే నడవడు. తనకి తెలియకుండానే నడిపించాలి. నడుస్తున్నది తన ఇష్టంతోనే అనుకోవాలి. అందులోనే ఉంది కిటుకంతా."

"అలాగా," అన్నారు అత్తగారు ఎంతో ఆశ్చర్యంగా, ఆయన మోచెయ్యి పట్టుకుని పక్క వీధిలోకి మళ్లిస్తూ.