స్టాపులు మింగిన నడక

డిపోలో అందరూ అతన్ని చిటపట అంటారు. ఎదురుగా కాదు, చాటుగా. ఎదురుగా అనే ధైర్యం మేనేజరుకు కూడా లేదు. ఇరవై రెండేళ్ళుగా సిటీ బస్సు నడుపుతున్న మనిషి, అన్నేళ్ళుగానూ నోరు ఊరుకోలేదు. ఆటోవాళ్ళు, సైకిళ్ళవాళ్ళు, చిల్లర తెచ్చుకోనివాళ్ళు, దిగాల్సిన చోట నిద్రపోయేవాళ్ళు, అతని దృష్టిలో అందరూ పనికిమాలినవాళ్ళే. బండికి మాత్రం ఒక్క గీత పడనివ్వలేదు. చేతిలో స్టీరింగు ఉన్నంతకాలమే తనకు విలువని అతని గట్టి నమ్మకం.

ఆ స్టీరింగుకే ఎసరు పెట్టాడు డిపో డాక్టరు. ఏటా జరిగే పరీక్షలో షుగరు హద్దు దాటింది, పొట్ట కూడా దాటింది.

"ఆరు వారాలు టైమిస్తున్నా. రోజూ నలభై నిమిషాలు నడవండి. తగ్గకపోతే బండి ఇవ్వం. గేటు దగ్గర కూర్చుని వచ్చేపోయే బస్సుల నంబర్లు రాసుకుందురుగాని."

"ఆరింటికి ఎక్కితే మూడింటికి గానీ దిగనండి. ఎప్పుడు నడవాలి? కల్లోనా?"

"అది మీరే చూసుకోవాలి" అన్నాడు డాక్టరు, కాగితం మీంచి తల ఎత్తకుండా.

ఇంటికొచ్చి కారాలు మిరియాలు నూరాడు. భార్య బట్టలు మడతపెడుతూ అంతా విన్నది. ఆమెకు అతనంటే భయం ఎప్పుడో పోయింది, ఇప్పుడు మిగిలింది విసుగే.

"డ్యూటీ దిగాక గేటు ముందు బెంచీ మీద గంటన్నర కూర్చుని లోకాన్నంతా తిట్టి వస్తారుగా. ఆ గంటన్నరలో నడవకూడదూ?"

అతను ఒంటికాలి మీద లేచాడు. "అది నా టైము! పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళని మోసేవాడికి ఆ కాస్తయినా ఉండొద్దా?"

"అయితే ఐదింటికి లేవండి."

"నిద్ర కూడా మానమంటావా?"

ఆమె చివరి చొక్కా మడిచి లోపలికి వెళ్ళిపోయింది. ఆ ఇంట్లో మాటలు ఎప్పుడూ అంతకంటే దూరం పోవు.

తనకున్న దాంట్లోంచి నిమిషం కూడా వదులుకోని మనిషి మిగతావాళ్ళ జేబులు వెతుకుతాడు. ఇతనూ అదే చేశాడు. రోజుకు ఎనిమిది ట్రిప్పులు. ట్రిప్పు చివర బస్టాండులో మామూలుగా దొరికే వ్యవధి నీళ్ళు తాగి సంతకం పెట్టడానికే చాలదు. అదే ఐదు నిమిషాలు ముందు చేరితే? స్టాండు చుట్టూ మూడు రౌండ్లు. ఎనిమిది ఐదులు నలభై. డాక్టరు నోరు మూతపడుతుంది. ఈ లెక్క తట్టినప్పుడు తన తెలివికి తనే మురిసిపోయాడు.

ఐదు నిమిషాలు ఎక్కణ్ణుంచి వస్తాయి? స్టాపుల్లోంచి. జనం గుంపుగా ఉన్నచోట ఆపక తప్పదు, ఫిర్యాదులు పోతాయి. దిగేవాళ్ళు లేక, ఎక్కేందుకు ఒకరో ఇద్దరో నిలబడ్డ స్టాపుల్ని ఆపకుండా మింగెయ్యడం మొదలుపెట్టాడు. ఒంటరివాళ్ళు అరుస్తారు తప్ప ఏమీ చెయ్యలేరని ఇరవై రెండేళ్ళ అనుభవం నేర్పింది.

"అన్నా, చెయ్యెత్తుతున్నారు! ఆపు!" అని కండక్టరమ్మ బెల్లు కొట్టేది.

"వెనకాల ఇంకో బండి వస్తోంది."

"నలభై నిమిషాలకి!"

"కూర్చో, టిక్కెట్లు చూసుకో."

మధ్యాహ్నం ఒంటిగంటా పావు ట్రిప్పులో నీళ్ళ ట్యాంకు స్టాపు దగ్గర ఒకే ఒక మనిషి ఎక్కేది. బిస్కట్ ఫ్యాక్టరీలో ప్యాకింగు చేసే ఆవిడ. మూడేళ్ళుగా అదే బండి, అదే ముందు సీటు. రెండింటికి ఫ్యాక్టరీ గేటు మూస్తారు. ఆ ఆరు వారాల్లో ఆవిణ్ణి తొమ్మిదిసార్లు వదిలేశాడు. ఆవిడ చెయ్యూపుతూ బండి వెనక పరుగెత్తడం అద్దంలో కనిపించేది. నడక ఇతనిది, పరుగు ఆవిడది.

ఐదో వారంలో ఒకరోజు ఆ స్టాపులో ఎవరో ముసలాయన దిగాల్సి రావడంతో ఆపాడు. ఆవిడ ఎక్కి, సీట్లో కూర్చోకుండా అతని పక్కనే కడ్డీ పట్టుకుని నిలబడింది.

"అన్నా, ఇంకొక్కసారి లేటయితే ఇక పనికి రావద్దన్నారు. నేనొక్కదాన్నే గదా అని వదిలెయ్యకన్నా."

"నేనేమన్నా నీ సొంత కారు డ్రైవర్నా?" అని గేరు మార్చాడు. ఆవిడ మాట విన్నాడు, అర్థం కూడా చేసుకున్నాడు. అందుకే తర్వాత చేసినదానికి క్షమ లేదంటాను.

పరీక్షకు ముందురోజు అదే ట్రిప్పు. సిగ్నల్ దగ్గర మూడు నిమిషాలు పోయాయి. ట్యాంకు స్టాపులో ఆవిడ రోడ్డు మీదికి వచ్చి రెండు చేతులూ ఎత్తింది. ఇవాళ ఒక్కరోజు, రేపటితో అయిపోతుంది కదా అనుకున్నాడు. హారన్ కొట్టి పక్కనుంచి తీసుకుపోయాడు. స్టాండులో మూడు రౌండ్లూ పూర్తి చేశాడు.

మర్నాడు పొద్దున్నే డాక్టరు కాగితం చూసి మొదటిసారి తల ఎత్తాడు. షుగరు దిగింది. ఏడు కిలోలు తగ్గాడు. "ఇంత పని మధ్య ఎలా కుదిరిందండీ?" అన్నాడు.

"మనసుంటే టైము అదే దొరుకుతుందండి" అన్నాడు చిటపట. ఏ మాత్రం తడబడకుండా అన్నాడు.

స్టీరింగు నిలిచింది. ఆ సంతోషంలో అందరికీ ఆపాడు, ఇద్దరు ముగ్గురిని నవ్వుతూ పలకరించాడు కూడా. కండక్టరమ్మ బిత్తరపోయి చూసింది. ఒంటిగంటా పావు ట్రిప్పులో ట్యాంకు స్టాపు రాగానే, చెయ్యెత్తకపోయినా సరిగ్గా ఆవిడ ముందు ఆపి తలుపు తెరిచాడు.

ఆవిడ కదల్లేదు.

"ఎక్కమ్మా, ఎక్కు. టైముకి దింపేస్తా."

"ఎక్కి ఎక్కడికి పోనన్నా? నిన్నటితో నన్ను మానిపించేశారు."

లోపల జనమంతా కిటికీల్లోంచి చూస్తున్నారు.

"మరి ఇక్కడెందుకు నిలబడ్డావు?" అని అడిగాడు. ఆ గొంతు అతనికే కొత్తగా వినిపించింది.

"నిన్ను చూద్దామని. నువ్వెందుకట్టా పరిగెత్తిస్తున్నావో నిన్న సాయంత్రం స్టాండులో మీవాళ్ళని అడిగి తెలుసుకున్నా." ఆవిడ అతన్ని కిందినుంచి పైదాకా నిదానంగా చూసింది. "బాగా సన్నబడ్డావన్నా."